సర్వేపల్లి గోపాల్ రచనల్లో మాస్కో దౌత్యం: ఒక పరిశీలన

సెప్టెంబరు 5 వచ్చిందంటే బడుల్లోనూ పత్రికల్లోనూ సర్వేపల్లి రాధాకృష్ణన్ గురించి వ్యాసాలు వెలువడతాయి. స్టాలిన్ అంతటివాడు ఆయన ముందు మెత్తబడ్డాడన్న మాట వాటిలో ఎక్కడో ఒకచోట తప్పకుండా ఉంటుంది. ఆ మాట వెనుక 1949 నుంచి 1952 దాకా నడిచిన దౌత్య చరిత్ర ఒకటి ఉంది. అది మాత్రం ఆ వ్యాసాల్లో కనిపించదు. ఆ చరిత్రను ప్రభుత్వ పత్రాలు ముందు పెట్టుకొని రాసినవారు రాధాకృష్ణన్ కుమారుడు, చరిత్రకారుడు డాక్టర్ సర్వేపల్లి గోపాల్ (1923–2002). భారత విదేశాంగ విధానం గురించి సాధికారంగా రాసిన తెలుగు మూలాల పండితుల్లో ఆయన పేరు ముందు చెప్పుకోవాలి. అయినా తెలుగు చదివే విద్యార్థులకు ఆ పేరు పెద్దగా పరిచయం లేదు. ఆయన ముఖ్య గ్రంథాలన్నీ ఇంగ్లీషులో ఉండడం ఒక కారణం. ఆయన రంగం మన సాహిత్య పాఠ్యప్రణాళికలోకి రాకపోవడం మరొక కారణం.

మాస్కోతో మన దేశం నడిపిన దౌత్యం గురించి గోపాల్ ఏమి రాశారు, ఏ ఆధారాలతో రాశారు, ఆయనకు అందనిది ఏమిటి అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. మూడో ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే మనం హైదరాబాదు సంస్థానం దాకా, అంటే ఒకప్పటి ఈ నాందేడు జిల్లా దాకా రావలసి ఉంటుంది.

జీవితం, వృత్తి

రాధాకృష్ణన్ పూర్వీకుల ఊరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి. కుటుంబం తిరుత్తణికి, అక్కడి నుంచి మద్రాసుకు చేరింది. గోపాల్ 1923లో మద్రాసులో పుట్టారు. తెలుగు నేలకు వెలుపల పెరిగిన తెలుగు కుటుంబాలకు చెందిన మనిషి ఆయన. ఆక్స్‌ఫర్డులో రిప్పన్ ప్రభువు పాలనాకాలంపై పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఆ పరిశోధన 1953లో పుస్తకంగా వచ్చింది. ఇర్విన్ మీద 1957లో, 1858–1905 మధ్య బ్రిటిషు విధానం మీద 1965లో పుస్తకాలు రాశారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొంతకాలం చరిత్ర బోధించారు. 1954 నుంచి 1966 దాకా కేంద్ర విదేశాంగ శాఖలో చారిత్రక విభాగానికి డైరెక్టరుగా పనిచేశారు. తర్వాత ఆక్స్‌ఫర్డులో, 1972 నుంచి ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు.

ఈ వృత్తిక్రమంలో విద్యార్థులు గమనించవలసినది చారిత్రక విభాగంలోని పన్నెండేళ్లు. చరిత్రకారుడు సాధారణంగా పత్రాలు పాతబడిన తరువాత వాటి దగ్గరకు వెళతాడు. గోపాల్ అవి తయారవుతున్నప్పుడే వాటి మధ్య కూర్చున్నారు. చైనాతో సరిహద్దు వివాదం ముదిరినప్పుడు, 1959లో లండన్ వెళ్లి పాత బ్రిటిషు దస్త్రాలను పరిశీలించి నెహ్రూకు నివేదించినవారు ఆయనే. 1960లో రెండు దేశాల అధికారుల మధ్య జరిగిన చర్చల్లో భారత బృందంలో ఉన్నారు. ఆ తర్వాత నెహ్రూ జీవితచరిత్రను మూడు సంపుటాలుగా 1975, 1979, 1984లలో వెలువరించారు. తండ్రి జీవితచరిత్ర 1989లో వచ్చింది. అంటే తాను దగ్గరగా చూసిన ఇద్దరి గురించీ, కొంతవరకు తాను పాత్రధారిగా ఉన్న సంఘటనల గురించీ ఆయన రాశారు. ఆయన బలం అక్కడే ఉంది, పాఠకుడు జాగ్రత్త పడవలసినదీ అక్కడే.

మాస్కో అధ్యాయం

స్వతంత్ర భారతదేశం మాస్కోకు పంపిన మొదటి రాయబారి విజయలక్ష్మీ పండిట్. 1947 నుంచి 1949 దాకా ఆమె అక్కడ ఉన్నా స్టాలిన్ ఆమెకు దర్శనం ఇవ్వలేదు. 1949 సెప్టెంబరులో రాధాకృష్ణన్ వెళ్లారు. అప్పటికి ఆయన ఆక్స్‌ఫర్డులో స్పాల్డింగ్ ఆచార్య పదవిలో ఉన్నారు. ఆ ఉద్యోగం వదలకుండానే రాయబారి పదవి స్వీకరించి, కొన్ని నెలలు అక్కడ, కొన్ని నెలలు ఇక్కడ గడిపారు. రష్యన్ భాష రాదు. దౌత్యవృత్తిలో శిక్షణ లేదు. తత్త్వశాస్త్రం, అందులోనూ భావవాదం, ఆయన క్షేత్రం. భౌతికవాదాన్ని రాజ్యసిద్ధాంతంగా ప్రకటించుకున్న దేశానికి ఇటువంటి మనిషిని పంపడమేమిటని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. కాని 1950 జనవరిలోనే స్టాలిన్ ఆయనను పిలిపించి మాట్లాడాడు. మళ్లీ 1952 ఏప్రిల్ 5న, వీడ్కోలు సమయంలో, రెండోసారి కలిశాడు.

ఈ కథ చెప్పడంలో గోపాల్ రెండు మంచి పనులు చేశారు. మొదటిది, తండ్రిని విగ్రహంగా నిలబెట్టలేదు. జీవితచరిత్ర మొత్తంలో రాధాకృష్ణన్ గృహజీవితంలోని లోపాలను సైతం ఆయన దాచలేదు. ఒక కొడుకు ఇంత నిర్మొహమాటంగా రాయడం మన దేశంలో అరుదు. మాస్కో భాగంలోనూ ఆ నిగ్రహం కనిపిస్తుంది. రెండోది, దౌత్యమంటే విందులు, చమత్కారాలు కావని, ఉత్తర ప్రత్యుత్తరాలని చూపించారు. ముఖ్యంగా కొరియా యుద్ధకాలం గురించిన భాగం విద్యార్థులు శ్రద్ధగా చదవాలి.

1950 జూన్ 25న కొరియాలో యుద్ధం మొదలైంది. అప్పటికి కొన్ని నెలలుగా సోవియట్ ప్రతినిధి భద్రతాసమితి సమావేశాలను బహిష్కరిస్తున్నాడు. చైనా స్థానాన్ని కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఇవ్వలేదన్నది అతని అభ్యంతరం. రాధాకృష్ణన్ మాస్కోలో సోవియట్ విదేశాంగ శాఖవారితోనూ, అమెరికా రాయబారి అలాన్ కర్క్‌తోనూ మాట్లాడి ఒక మార్గం సూచించారు. అమెరికా చైనా ప్రవేశానికి ఒప్పుకోవాలి. సోవియట్ యూనియన్ సమితికి తిరిగి వచ్చి యుద్ధవిరమణకు తోడ్పడాలి. జూలై 13న నెహ్రూ స్టాలిన్‌కూ, అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్‌కూ లేఖలు రాశారు. స్టాలిన్ రెండు రోజుల్లో సానుకూలంగా జవాబిచ్చాడు. అచెసన్ జూలై 18న కాదన్నాడు. ప్రయత్నం విఫలమైంది. ఆగస్టు 1న సోవియట్ ప్రతినిధి తనంతట తానే సమితికి తిరిగి వచ్చాడు. వైఫల్యమే అయినా, రెండు శిబిరాల మధ్య నిలబడి మాట్లాడగల మూడో గొంతు ఒకటి ఉందని ప్రపంచానికి తెలిసిన సందర్భాల్లో ఇది ఒకటి. అలీనవిధానం అన్న మాటకు అర్థం పుస్తకాల్లో కాక పనిలో తేలిన సందర్భం కూడా.

తలుపు ఎవరు తెరిచారు?

గోపాల్ రచనతో నాకు పేచీ వచ్చేది దీని తరువాత. ఆ పుస్తకం చదివి మూసినప్పుడు పాఠకుడి మనస్సులో మిగిలే భావన ఒకటుంది: రాధాకృష్ణన్ వ్యక్తిత్వమే క్రెమ్లిన్ తలుపు తెరిచిందని. జీవితచరిత్ర అన్న ప్రక్రియ స్వభావమే అంత. ఒక మనిషిని మధ్యలో నిలబెట్టి ప్రపంచాన్ని అతని చుట్టూ తిప్పుతుంది. కాని తేదీలను వరసగా పేర్చి చూస్తే వేరే చిత్రం కనిపిస్తుంది.

1949 అక్టోబరు 1న చైనాలో కొత్త ప్రభుత్వం ఏర్పడింది. డిసెంబరు 16న మావో మాస్కో చేరి, మరుసటి ఫిబ్రవరి దాకా అక్కడే ఉన్నాడు. డిసెంబరు 30న భారతదేశం కొత్త చైనాను గుర్తించింది. కమ్యూనిస్టు శిబిరానికి చెందని దేశాల్లో ముందుగా గుర్తించినవాటిలో మనది ఒకటి. ఆ గుర్తింపు తరువాత పక్షం రోజులకు స్టాలిన్ మన రాయబారిని పిలిచాడు. పండిట్‌కు దొరకని దర్శనం రాధాకృష్ణన్‌కు దొరకడంలో ఉపనిషత్తుల కంటే ఈ గుర్తింపుకే ఎక్కువ పాలు ఉండి ఉండాలి.

రెండో సమావేశాన్ని కూడా ఇలాగే చూడవచ్చు. 1952 మార్చి 10న స్టాలిన్ జర్మనీ ఏకీకరణపై పశ్చిమ దేశాలకు లేఖ పంపాడు. ఏప్రిల్ 3 నుంచి 12 దాకా మాస్కోలో అంతర్జాతీయ ఆర్థిక సమావేశం జరిగింది. వేర్వేరు వ్యవస్థలు పక్కపక్కనే బతకవచ్చునన్న మాటను సోవియట్ ప్రభుత్వం ఆ వారాల్లో గట్టిగా ప్రచారం చేస్తున్నది. ఏప్రిల్ 5 ఆ పదిరోజుల మధ్యలో పడుతుంది. అదే సంవత్సరం జనవరి 17న భద్రతాసమితిలో సోవియట్ ప్రతినిధి మాలిక్ కాశ్మీరు విషయంలో అమెరికా, బ్రిటన్‌ల ఉద్దేశాలను తీవ్రంగా విమర్శించాడు. అంతవరకు ఆ ప్రశ్నపై వారు దాదాపు మౌనంగా ఉండేవారు. మాస్కో చూపు మారుతున్న కాలం అది. మారుతున్న చూపుకు ఎదురుగా ఒక మనిషి నిలబడి ఉన్నారు.

మరొక రాయబారితో పోలిస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. రాధాకృష్ణన్ మాస్కో వదిలి, 1952 మే 13న ఉపరాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. సరిగ్గా ఆ మే నెలలోనే అమెరికా రాయబారిగా జార్జ్ కెనన్ మాస్కోలో దిగాడు. రీగాలోనూ బెర్లిన్‌లోనూ చదువుకొని రష్యన్‌ను సాధించినవాడు. 1946 ఫిబ్రవరిలో మాస్కో నుంచి పంపిన సుదీర్ఘమైన తంతి, 1947 జూలైలో మారుపేరుతో ప్రచురించిన వ్యాసం అతన్ని అమెరికా 'కట్టడి' విధానానికి సిద్ధాంతకర్తను చేశాయి. తరువాతి కాలంలో సోవియట్ దౌత్యచరిత్రపై ప్రామాణిక గ్రంథాలు రాసి, పులిట్జర్ బహుమతి పొందినవాడు. రష్యా గురించి అతనికి తెలిసినంత ఆ నగరంలోని ఏ విదేశీ రాయబారికీ తెలియదేమో. అటువంటివాణ్ణి స్టాలిన్ ఒక్కసారి కూడా పిలవలేదు. సెప్టెంబరులో బెర్లిన్ విమానాశ్రయంలో విలేకరులతో మాట్లాడుతూ, మాస్కో జీవితాన్ని యుద్ధకాలంలో తాను నాజీ జర్మనీలో అనుభవించిన నిర్బంధంతో పోల్చాడు. అక్టోబరు 3న సోవియట్ ప్రభుత్వం అతనికి దేశప్రవేశం నిషేధించింది.

రష్యన్ రాని తత్త్వవేత్తకు తెరుచుకున్న తలుపు రష్యన్ క్షుణ్ణంగా వచ్చిన పండితుడికి తెరుచుకోలేదు. భాష వల్ల ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. కెనన్ గ్రంథాలు ఈనాటికీ నిలవడానికి ఆ భాషాజ్ఞానమే కారణం. తలుపు తెరవడం మాత్రం ఇంట్లో ఉన్నవాడి అవసరాన్ని బట్టి జరుగుతుంది. కొరియాలో యుద్ధం చేస్తున్న దేశపు రాయబారి అప్పటి స్టాలిన్‌కు అక్కరకు రాలేదు. మధ్యస్థంగా ఉన్న దేశపు రాయబారి వచ్చాడు. తెరుచుకున్న తలుపులోంచి లోపలికి వెళ్లి ఏమి మాట్లాడాలో తెలిసి ఉండడం రాధాకృష్ణన్ గొప్పతనం. గోపాల్ దీన్ని బాగా చూపారు. తలుపు ఎందుకు తెరుచుకుందో చూపడానికి సోవియట్ పత్రాలు కావాలి. 1989 నాటికి అవి ఎవరికీ అందుబాటులో లేవు.

'అట' అన్న ప్రత్యయం

ఇక్కడ భాషాశాస్త్ర విద్యార్థిగా ఒక మాట. తెలుగులో 'అట' ఉంది. 'ఆయన వచ్చాడు' అంటే నేను చూశాను, లేదా నాకు నిశ్చయంగా తెలుసు. 'ఆయన వచ్చాడట' అంటే ఎవరో చెప్పగా విన్నాను, పూచీ నాది కాదు. మరాఠీలో ఇదే పని 'మ్హణే' చేస్తుంది. మన ఊళ్లలో వినిపించే దక్కనీలో 'కతే' చేస్తుంది. నాందేడు బజారులో ఈ మూడు మాటలూ రోజూ చెవిన పడేవే. ఇంగ్లీషు క్రియకు ఇటువంటి తోక లేదు. అక్కడ ఆధారం చెప్పాలంటే వేరే వాక్యం కావాలి, లేదా అధస్సూచిక కావాలి.

స్టాలిన్, రాధాకృష్ణన్‌ల గురించి ప్రచారంలో ఉన్న కథలు రెండు. అశోకుడు యుద్ధం గెలిచి హింసను విడిచిపెట్టిన సంగతి చెప్పి, మీకూ అలా జరగవచ్చునని రాయబారి సూచించారట. తానూ కొన్నాళ్లు మతవిద్యాలయంలో చదివినవాణ్ణేనని స్టాలిన్ బదులిచ్చాడట. రెండోది, వీడ్కోలు వేళ రాధాకృష్ణన్ స్టాలిన్ చెంప తట్టారట. తనను రాక్షసుడిగా కాక మనిషిగా చూసినవారు మీరేనని స్టాలిన్ అన్నాడట. 1957లో ఉపరాష్ట్రపతిగా చైనా వెళ్లినప్పుడు మావో చెంప కూడా ఇలాగే తట్టారని, అప్పట్లో బీజింగ్ రాయబార కార్యాలయంలో పనిచేసిన నట్వర్ సింగ్ తరువాత రాశారు.

ఈ కథలు అబద్ధమని నేననడం లేదు. ఆ మనిషి స్వభావానికి అవి సరిపోతాయి. స్టాలిన్ టిఫ్లిస్‌లో మతవిద్యాలయంలో చదివిన మాట కూడా చారిత్రక సత్యమే. నేననేది ఆధారాల తరగతి గురించి. ఇద్దరు నాయకుల మధ్య జరిగిన సంభాషణకు కనీసం రెండు నమోదులు ఉంటాయి. ఒకటి రాయబారి తన ప్రభుత్వానికి పంపే నివేదిక. రెండోది అవతలి పక్షపు అనువాదకుడు రాసుకునే పత్రం. స్టాలిన్, రాధాకృష్ణన్‌ల సంభాషణలకు సంబంధించిన సోవియట్ నమోదులు సోవియట్ యూనియన్ కూలిన తరువాత బయటికి వచ్చాయి. అనువాదకుడు మాటలను రాస్తాడు. చెంప మీద పడిన చేతిని రాయడు. రాయబారి తాను చెప్పదలచినది రాస్తాడు. కుటుంబంలో, మిత్రుల్లో చెప్పుకున్నది మూడో తరగతి ఆధారం. చరిత్రకారుడి పని ఈ మూడింటినీ వేర్వేరుగా ఉంచడం. ఉపాధ్యాయ దినోత్సవపు వ్యాసాలు చేసే తప్పు చాలా చిన్నది: 'అన్నాడట'లోని 'అట'ను తీసేసి 'అన్నాడు' అని రాస్తాయి. ఒక్క ప్రత్యయం జారిపోతే వినికిడి చరిత్ర అవుతుంది. తెలుగు మనకు ఉచితంగా ఇచ్చిన సాధనాన్ని మనమే పారేసుకుంటున్నాం.

రెండో తలుపు

గోపాల్ పుస్తకం ఇప్పుడు చదువుతున్నప్పుడు వెలితిగా తోచే ప్రధాన విషయానికి వస్తాను. రాధాకృష్ణన్ రాయబారిగా ఉన్న కాలంలోనే, 1951 ఫిబ్రవరి 9న, స్టాలిన్ మాస్కోలో మరికొందరు భారతీయులను కలిశాడు. వారు రహస్యంగా దేశం దాటి వెళ్లిన కమ్యూనిస్టు పార్టీ నాయకులు: చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, శ్రీపాద అమృత డాంగే, అజయ్ ఘోష్. నలుగురిలో ఇద్దరు తెలుగువారు, ఒకరు మరాఠీ, ఒకరు బెంగాలీ. చర్చకు వచ్చిన ముఖ్యాంశాల్లో ఒకటి తెలంగాణ సాయుధ పోరాటం. చైనాలో జరిగినట్టు ఇక్కడ జరగదని, వెనుక సోవియట్ సరిహద్దు వంటి ఆసరా లేదని, గెరిల్లా యుద్ధం ఒక్కటే చాలదని స్టాలిన్ అభిప్రాయపడినట్టు ఆ సంభాషణ పత్రం చెబుతున్నది. ఆ సంవత్సరం అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది. విరమణకు కారణాలు ఇంకా ఉన్నాయి. 1948 సెప్టెంబరు సైనికచర్య తరువాత మారిన పరిస్థితి, పార్టీలోని భేదాభిప్రాయాలు, రాబోతున్న సాధారణ ఎన్నికలు అన్నీ కలిశాయి. కాని మాస్కో సలహా వాటిలో ఒకటి అనడంలో సందేహం లేదు.

ఒకే నగరంలో, ఒకే మనిషి దగ్గరికి, ఒకే దశాబ్దపు తొలి సంవత్సరాల్లో రెండు దారుల నుంచి తెలుగువారు వెళ్లారు. ఒకరు భారత ప్రభుత్వపు అధికారపత్రంతో వెళ్లారు. మరొకరు ఆ ప్రభుత్వంతోనే తలపడుతున్న పార్టీ తరపున వెళ్లారు. సోవియట్ దౌత్యానికి ఎప్పుడూ ఈ రెండు తలుపులు ఉండేవి: విదేశాంగ శాఖది ఒకటి, పార్టీది ఒకటి. మొదటి తలుపు దగ్గర ఏమి జరిగిందో మాత్రమే ఢిల్లీ దస్త్రాల్లో ఉంటుంది. కనుక గోపాల్ పుస్తకంలోనూ అదే ఉంది. మాస్కో భారతదేశాన్ని చూసే చూపు 1951లో మారిందంటే, ఆ మార్పులో రాయబారి మాటలకెంత వాటా ఉందో, తెలంగాణ అడవుల నుంచి వచ్చిన కబురుకెంత వాటా ఉందో కలిపి తూచాలి. పార్టీకి తిరుగుబాటు ఇక నడవదని చెప్పడమూ, ప్రభుత్వానికి కాశ్మీరు విషయంలో మద్దతుగా గొంతు విప్పడమూ ఒక సంవత్సరం లోపల జరిగాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తెలుగులో ఎవరైనా సమగ్రంగా రాయవలసి ఉంది.

నాందేడు విద్యార్థులకు ఇది దూరపు సంగతి కాదు. 1956 నవంబరు 1 దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ వైపు తెలుగు వినిపించడం ఆ చరిత్ర మిగిల్చిన గుర్తే. నిజాం ప్రభుత్వం తన విషయాన్ని భద్రతాసమితి దాకా తీసుకుపోయింది. 1948 సెప్టెంబరు 16న పారిస్‌లో ఆ అంశాన్ని కార్యక్రమంలో చేర్చాలా వద్దా అన్న ఓటు వచ్చినప్పుడు సోవియట్ యూనియన్ ఎటూ ఓటు వేయక తటస్థంగా ఉంది. అంటే మన తాతల కాలపు హైదరాబాదు గురించి మాస్కో వైఖరికి 1948లో తటస్థతతో ఒక అధ్యాయం, 1951లో రహస్య సమావేశంతో మరొక అధ్యాయం ఉన్నాయి. ఈ అధ్యాయాలకు పత్రాలు ఇంగ్లీషులో, రష్యన్‌లో, ఉర్దూలో ఉన్నాయి. జ్ఞాపకాలు తెలుగులో, మరాఠీలో ఉన్నాయి.

నెహ్రూ సంపుటాలు

రాధాకృష్ణన్ జీవితచరిత్రతో పాటు నెహ్రూ జీవితచరిత్ర రెండు, మూడు సంపుటాలను కూడా చదివితేనే గోపాల్ దృష్టి పూర్తిగా అర్థమవుతుంది. 1955లో భిలాయి ఉక్కు కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. జూన్‌లో నెహ్రూ సోవియట్ యూనియన్ వెళ్లారు. సంవత్సరాంతంలో బుల్గానిన్, క్రుశ్చేవ్ మన దేశానికి వచ్చారు. డిసెంబరు 10న శ్రీనగరులో క్రుశ్చేవ్ కాశ్మీరు భారతదేశంలో భాగమని బహిరంగంగా అన్నాడు. 1950లో వేసిన విత్తనం అయిదేళ్లకు మొలకెత్తిందని గోపాల్ పాఠకుడు అనుకోవచ్చు. కాని మరుసటి ఏడు హంగరీ వచ్చింది. 1956 నవంబరు 9న, సోవియట్ సేనలు వెళ్లిపోవాలని, అంతర్జాతీయ పర్యవేక్షణలో ఎన్నికలు జరగాలని కోరిన తీర్మానానికి ఐక్యరాజ్యసమితిలో భారతదేశం వ్యతిరేకంగా ఓటు వేసింది. కమ్యూనిస్టు శిబిరానికి వెలుపల అలా ఓటు వేసిన దేశం మనదొక్కటే. సూయజ్ విషయంలో వెంటనే గర్జించిన గొంతు బుడాపెస్టు విషయంలో తడబడింది. మిత్రుడి తప్పును తప్పు అనడానికి ఎంత సమయం తీసుకోవచ్చు అన్నది ఆనాటి ప్రశ్న. అది ఆ నాటితో తీరిపోలేదని 1968 చెకొస్లొవేకియా, 1979 అఫ్గానిస్తాన్, 2022 ఉక్రెయిన్ గుర్తుచేస్తూ వచ్చాయి.

ఈ సంపుటాల్లో గోపాల్ గొంతు అభిమానిది. నెహ్రూ పత్రాలను చూసే ప్రత్యేక అవకాశం ఆయనకు లభించింది. మొదటి సంపుటం వచ్చిన 1975 ఎటువంటి సంవత్సరమో చెప్పనక్కరలేదు. ఆయన నెహ్రూ పక్షం వహించారన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. నా మట్టుకు, పక్షపాతం ఉన్నా పత్రాన్ని దాచని చరిత్రకారుడు, పత్రాలే లేని నిష్పక్షపాతి కంటే ఎక్కువ ఉపయోగపడతాడు. గోపాల్ ఇచ్చిన పత్రాలతోనే గోపాల్‌తో వాదించవచ్చు. చైనా సరిహద్దు గురించిన భాగంలో మాత్రం తానిచ్చిన సలహాను తానే తీర్పు చెప్పవలసిన స్థితి ఆయనది. అక్కడ పాఠకుడు మరొక సాక్షిని కూడా పిలవాలి.

ఏ భాషలో, ఎవరి కోసం?

గోపాల్ ఇంగ్లీషు శుభ్రమైనది, కొంచెం చల్లనిది. తండ్రిని 'రాధాకృష్ణన్' అనే పేర్కొంటారు. ఇంగ్లీషులోని ఒక్క ప్రథమపురుష సర్వనామం తండ్రికీ, స్టాలిన్‌కూ, అనువాదకుడికీ సమానంగా సరిపోతుంది. అదే తెలుగులో రాస్తే ఆ సమత సాధ్యం కాదు. వాడు, అతను, ఆయన అన్న మెట్లలో ప్రతి మనిషినీ ఏదో ఒక మెట్టు మీద నిలబెట్టాలి. నేనీ వ్యాసంలో రాధాకృష్ణన్‌ను 'ఆయన' అన్నాను. స్టాలిన్‌కు 'అన్నాడు' వాడాను. మరొక రచయిత 'స్టాలిన్ అన్నారు' అంటే ఆ ఒక్క క్రియతోనే అతని రాజకీయం తెలిసిపోతుంది. అంటే తెలుగులో దౌత్యచరిత్ర రాసేవాడు తన పక్షాన్ని దాచుకోలేడు. ఇది లోపమని కొందరు అనవచ్చు. పాఠకుడికి ఇది మేలని నా అభిప్రాయం.

తెలుగువాడికి రష్యా కొత్తది కాదు. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసినప్పటి నుంచి, మాస్కోలో ఉండి అనువాదాలు చేసిన ఉప్పల లక్ష్మణరావు వంటివారి దాకా, రష్యన్ సాహిత్యం మన ఇళ్లలోకి వచ్చింది. మాస్కో ప్రచురణాలయాలు పంపిన తెలుగు పుస్తకాలతో ఒక తరం పెరిగింది. 1991తో ఆ రాక ఆగింది. రష్యన్ నవల తెలిసిన మనకు రష్యన్ విదేశాంగ విధానం మాత్రం కరపత్రాలుగానే తెలిసింది: అనుకూలంగానో, ప్రతికూలంగానో. పత్రాలు చదివి, తేదీలు పేర్చి, 'అట'ను దాని చోట ఉంచి రాసిన పుస్తకం తెలుగులో రావలసి ఉంది.

ఆ పని మొదలుపెట్టదలచిన విద్యార్థికి గోపాల్ మాస్కో అధ్యాయం మంచి ప్రారంభం. దాన్ని చదువుతూ ప్రతి సంఘటన పక్కన మూడు గళ్లు గీసుకోవాలి. మొదటి గడిలో ఢిల్లీ పత్రం ఏమంటుందో రాయాలి. రెండో గడిలో ఇటీవల వెలువడిన సోవియట్ పత్రం ఏమంటుందో రాయాలి. మూడో గడిలో ఆ నెలల్లో హైదరాబాదు రాష్ట్రంలో ఏమి జరుగుతున్నదో రాయాలి. రెండో గడి నింపడానికి రష్యన్ నేర్చుకోవాలి. మూడో గడి నింపడానికి తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ కావాలి. గోపాల్‌కు ఉన్న దస్త్రాలు మనకు లేవు. ఆయన పనిచేసిన కార్యాలయం మనకు లేదు. కాని మూడో గడికి కావలసిన భాషలు ఈ జిల్లాలో పుట్టిపెరిగిన విద్యార్థికి చిన్ననాడే నోటికి వచ్చి ఉంటాయి.